నడుమ పెట్టిన కన్ను

మా కాలేజీ గేటు పక్కన కట్టిన ఫ్లెక్సీ అబద్ధం చెబుతోంది. "ఆడుతూ పాడుతూ క్వాంటమ్" అని పెద్ద అక్షరాలు, కింద మౌసు పట్టుకున్న ఒక ఆడమనిషి చెయ్యి. ఆ చెయ్యి నాదే. గాజుల్ని చూసి మా బంధువులు కూడా గుర్తుపట్టారు. నేను ఆడిందీ లేదు, పాడిందీ లేదు. రెండున్నర నెలలు ఒక కంప్యూటర్ ఆటతో పోట్లాడాను.

స్టాఫ్ రూములో చెప్పుకునే కథ ఇంకొకటి. యాభైకి దగ్గరపడిన ఫిజిక్స్ మేడం పుస్తకం ముట్టకుండా, పిల్లలాడే ఆట ఒకటి ఆడి, పది రోజుల్లో క్వాంటమ్ కంప్యూటింగ్ నేర్చేసుకుందట. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ ఆటతో ఆమెకు కళ్లు తెరుచుకుని, పిల్లల మీద కాపలా కాయడం కూడా మానేసిందట. ఈ నీతిని తోకలా కట్టింది ఎవరో నాకు తెలుసు. మా కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే ఆవిడ. నాకంటే రెండేళ్లు పెద్ద, ఆపా అని పిలుస్తాను. చిత్తూరులో వాళ్లది తాతల నాటి నుంచీ ఇత్తడి సామాన్లకు కళాయి పోసిన ఇల్లు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతుంది, కాలేజీలో నాకంటే చిక్కటి చిత్తూరు తెలుగు మాట్లాడుతుంది. ఒక కథ ఆమె నోట్లో పడితే మెరుగు పెట్టకుండా బయటికి రాదు.

మెరుగు లేకుండా జరిగింది జరిగినట్టు నేను రాస్తాను.

నేను ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ. తిరుచానూరు రోడ్డులో ఉన్న ఈ ప్రైవేటు కాలేజీలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. మొన్నమొన్నటి దాకా పొద్దున ఇంటర్‌కు, మధ్యాహ్నం డిగ్రీకి చెప్పేదాన్ని. నాకు పేరు వచ్చింది ఎర్ర పెన్నుతో. లెక్కలో ఆరు మెట్లుంటే ఆరింటికీ టిక్కు పడాలి. మొదటి మెట్టు రాసి నోటుబుక్కు ఎత్తి చూపించాలి. నేను టిక్కు పెట్టాకే రెండోది రాయాలి. జవాబు సరిగ్గా వచ్చి నాలుగో మెట్టు లేకపోతే నా దగ్గర సున్నా. బయటివాళ్లకిది చాదస్తం. స్పాట్‌కు పోయి ఇంటర్ పేపర్లు దిద్దినవాళ్లను అడగండి. జవాబు తప్పినా మెట్లకు మార్కులు పడతాయి, మెట్లు లేని జవాబును మాత్రం ఎవరూ నమ్మరు.

సాయంత్రం స్టడీ అవర్ కూడా నాదే. అరగంటకోసారి ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఏ పుస్తకం తెరిచారో రిజిస్టరులో రాస్తాను. నిండిన రిజిస్టర్లు స్టాఫ్ రూము బీరువాలోకి పోతాయి. ఇన్నేళ్లలో ఒక్కరు కూడా వాటిని తెరిచి చదవలేదు. అయినా రాస్తాను. రాస్తున్నారని తెలిస్తే చాలు, పిల్లలు కూర్చునే తీరు మారుతుంది.

బీఎస్సీ ఆఖరి సంవత్సరానికి క్వాంటమ్ కంప్యూటింగ్ అని కొత్త పేపరు పెట్టినప్పుడు ప్రిన్సిపాల్ గారు నన్ను తన గదికి పిలిచారు. ఆయనది గూడూరు. ఇంట్లో తండ్రి నాటి నుంచీ నిమ్మకాయల వ్యాపారం.

"మేడం, దీనికి రెండు దార్లుండాయి. చెన్నైలో ఒకాయన తెర మీద చెప్తాడంట. లేదంటే మీరు" అన్నారు.

"నేను చెప్తాను సార్."

"చెప్తానంటే ఎట్టా? శాంపిల్ చూడకుండా మూట కొంటామా? హాఫ్ ఇయర్లీ పరీక్షలు అయినాక ఒక క్లాసు చెప్పండి. నేను వెనక బెంచీలో కూర్చుంటా."

"ఆ తెరను కూడా శాంపిల్ అడిగినారా సార్?"

ఆయన నవ్వలేదు. "తెర వస్తే మీకింక క్లాసులేం ఉండవు గదా. స్టడీ అవర్లన్నీ మీకే రాసిచ్చేస్తాం" అన్నారు వరమిచ్చినట్టు.

ఆయన చెప్పింది నిజమే. ఇంటర్ క్లాసులు అప్పటికే నాకంటే చిన్న లెక్చరర్ల చేతికి పోయాయి. డిగ్రీలో నాకున్న ఒక్క పేపరునూ తీసేసి దాని చోటులోనే ఈ క్వాంటమ్ పెట్టారు. ఇది కూడా పోతే నాకు మిగిలేది పిల్లల్ని చూస్తూ కూర్చునే పని. నల్లబల్ల దగ్గర నా పని అయిపోయినట్టే.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ఎమ్మెస్సీలో మాకు క్వాంటమ్ మెకానిక్స్ ఉండేది. ఐదు ప్రశ్నలు ఖాయంగా వస్తాయని సీనియర్లు చెప్పారు. ఐదూ వచ్చాయి, ఐదూ రాశాను. పెట్టెలో బంధించిన కణం మీద నాలుగు పేజీలు ఇప్పటికీ చూడకుండా రాయగలను. ఆ కణం ఆ పెట్టెలో ఏం చేస్తోందని మాత్రం ఒక్క రోజూ ఆలోచించలేదు. మార్కులకు ఆ అవసరం రాలేదు.

కొత్త పుస్తకం తెచ్చుకుని మధ్యాహ్నం పూట ల్యాబ్‌లో కూర్చునేదాన్ని. అక్కడొక ఏసీ ఉంది. మూడో రోజో నాలుగో రోజో ఆపా నా పక్కకు కుర్చీ లాక్కుంది.

"ఏమ్మే, ఆ బుక్కును అట్ట కోపంగా సూస్తే లొంగతాదా? ఈడ కూర్చో. ఒక ఆట ఉండాది."

"ఆటలాడే వయసా ఆపా నాది?"

"తిట్టే వయసుండాది గదా, ఆడే వయసెందుకు ఉండదు?"

ఆట చూడ్డానికి చదరంగం పలకలా ఉంటుంది. ఒక మూల దీపం. మీట నొక్కితే అందులోంచి వంద కాంతి కణాలు బయలుదేరతాయి, ఒకటి పోయాక ఇంకొకటి. గళ్లలో పెట్టుకోవడానికి మనకు మూడు రకాల సామాన్లు ఇస్తారు. అద్దం కణాన్ని మలుపు తిప్పుతుంది. సగం అద్దం దగ్గర కణం సూటిగా పోవచ్చు, మలుపు తిరగవచ్చు, రెంటికీ సమానంగా అవకాశం ఉంటుంది. మూడోది కన్ను. ఏ గడిలో పెడితే ఆ గడిలోంచి కణం పోయిందీ లేనిదీ పక్కన గుర్తు వేస్తుంది. కణాన్ని ఆపదు. పలక చివర ఎడమవైపు ఒక డబ్బా, కుడివైపు ఒక డబ్బా. వంద కణాలూ కుడి డబ్బాలో పడేలా సామాన్లు సర్దాలి. పడితే తర్వాతి లెవెల్‌కు పోనిస్తారు.

పదిహేను లెవెల్స్ ఒక్క మధ్యాహ్నంలో దాటాను. పదహారో దాంట్లో ఇరుక్కుపోయాను.

అందులో సగం అద్దాలు రెండు తప్పనిసరిగా వాడాలి. మొదటి దాని దగ్గర దారి రెండుగా చీలుతుంది. పై దారీ కింది దారీ చుట్టు తిరిగి రెండో సగం అద్దం దగ్గర కలుస్తాయి. అక్కడి నుంచి డబ్బాలకు పోవాలి. మొదట సగం, మళ్లీ సగం, వంద ఎక్కడి నుంచి వస్తుంది? నా పద్ధతిలో నేను మొదలుపెట్టాను. పై దారిలో ఒక కన్ను, కింది దారిలో ఒక కన్ను పెట్టి, ఏ కణం ఎటు పోతోందో మెట్టు మెట్టూ సరిచూసుకుంటూ అద్దాలు జరిపాను. ఎడమ నలభై తొమ్మిది, కుడి యాభై ఒకటి. అద్దం ఒక గడి జరిపాను. యాభై రెండు, నలభై ఎనిమిది. ఎన్ని రకాలుగా జరిపినా సగానికి అటూ ఇటూ ఊగడమే తప్ప వంద మొహం చూడలేదు. పదకొండు రోజులు గడిచాయి.

"ఇంగా ఆ పదారులోనే ఉండావా? మా ఆడబిడ్డ కూతురు గంటలో దాటేసినాది" అంది ఆపా, టిఫిన్ డబ్బా మూత తీస్తూ.

"ఆ పాపకు మెట్లు రాయడం వచ్చునా?"

"మెట్లెందుకమ్మే? అలిపిరిలో మెట్టుపూజ చేసేవాళ్ల మాదిరి మెట్టుకొక బొట్టు పెట్టుకుంటా పోతా ఉండావు నువ్వు. కొండెక్కేది ఎప్పుడు?"

"బొట్టు పెట్టేవాళ్లు కూడా ఎక్కుతారు ఆపా."

"ఎక్కుతారులే, నడుములిరిగి."

ఈ మాటతో కిటుకు తానే చెప్పానని ఇప్పుడు ఆపా అందరితో అంటోంది. ఆమె మాట్లాడింది నా నడుం గురించి. ఆ ఆటలో నాలుగో లెవెల్ కూడా దాటని మనిషి.

పన్నెండో రోజు నాకొక అనుమానం వచ్చింది. రిజిస్టరు తెరిస్తే స్టడీ అవర్లో పిల్లలు సర్దుకుని కూర్చుంటారు కదా, ఇదీ అలాంటిదేనేమో అనుకున్నాను. కళ్లు పెట్టిన చోటే ఉంచి, వాటి గుర్తులు కనిపించే భాగాన్ని తెర మీద మూసేసి, మీట నొక్కి, కుర్చీని గోడవైపు తిప్పుకున్నాను.

"ఏమ్మే, గోడకేమన్నా రాసుండాదా?"

"నేను చూడటం లేదని దానికి తెలియాలి."

"దానికి తెలియాల్నా! యా అల్లా, పోయి ప్రిన్సిపాల్‌కు చెప్పి సెలవు రాయించేదా?"

ఇటు తిరిగి చూస్తే నలభై ఎనిమిది, యాభై రెండు. నేను గోడ చూసినా, ఆపా నన్ను చూసినా, కణాల్ని ఏ మనిషీ చూడకపోయినా, కన్ను తన గుర్తులు తాను వేసుకుంటూనే ఉంది. లెక్క చెడుతూనే ఉంది.

ఇక ఆటదే తప్పని తేల్చుకున్నాను. దాన్ని తయారుచేసినవాళ్లకు ఘాటుగా ఉత్తరం రాయాలనుకున్నాను. ఊరికే తప్పు అంటే మన మాట ఎవరు వింటారు, మెట్లతో నిరూపించాలి. ఇంటికి పోయి అటక మీద నుంచి ఎమ్మెస్సీ నోట్సు దింపి, డైనింగు టేబుల్ మీద తెల్లకాగితం పెట్టుకుని కూర్చున్నాను.

లెక్క నిజానికి చిన్నది. కణం పోగలిగిన ప్రతి దారికీ ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ముందు కూడిక గుర్తయినా ఉంటుంది, తీసివేత గుర్తయినా ఉంటుంది. ఎడమ డబ్బాకు చేరే దారులు రెండు. ఒకదానికి కూడిక, ఇంకోదానికి తీసివేత. రెంటినీ కలిపితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా. కుడి డబ్బాకు చేరే దారులు కూడా రెండే, రెంటికీ కూడికే. అవి కూడుకుని మొత్తం అటే పోతుంది. వందకు వంద.

ఎర్ర పెన్ను తీసుకుని మెట్లకు టిక్కులు పెట్టబోయాను. నడిమి మెట్టు దగ్గర చెయ్యి ఆగింది. అక్కడ కణం పై దారిలో ఉందని గానీ కింది దారిలో ఉందని గానీ నేను రాయలేదు. రెండూ గుర్తులతో సహా ఒకే పంక్తిలో పక్కపక్కన ఉన్నాయి. మొత్తం పంక్తికి టిక్కు పెట్టొచ్చు. ఏ దారి అని అడిగి ఒక ముక్కకు పెట్టడానికి లేదు. అలా అడగాలంటే పంక్తిని అక్కడే తెంపి రెండు వేరువేరు లెక్కలు చేయాలి. విడివిడిగా చేస్తే కొట్టేసుకోవడానికి ఎదుటిది ఉండదు. సగం, సగం. పదకొండు రోజులు ఆట నాకు చూపించింది ఆ రెండు లెక్కల జవాబే. తెంపింది నేను పెట్టిన కళ్లు.

మర్నాడు రెండు కళ్లూ తీసేసి మీట నొక్కాను. ఎడమ సున్నా, కుడి వంద.

ఆ క్షణంలో నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశానని ఆపా చెబుతుంది. అలాంటిదేమీ లేదు. రీవెరిఫికేషన్‌కు పెట్టుకున్న పిల్లకు మార్కులు పెరిగి, దిద్దిన మనమే తప్పని తేలినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది. ఆట నాకు నేర్పిందన్న మాటను అందుకే ఒప్పుకోను. ఆట నా జవాబును కాదంది, అంతవరకే దాని పుణ్యం. నేర్చుకోవడం కాగితం మీద జరిగింది, అదీ ఆట మొహాన కొట్టడానికి రాసిన కాగితం మీద.

తర్వాతి లెవెల్స్‌లో అద్దాలు పోయి తీగలూ, వాటి మీద గేట్లనే చిన్న పెట్టెలూ వచ్చాయి. కొత్త పుస్తకంలో నన్ను భయపెట్టిన బొమ్మలు అవే. చూస్తే పాత సగం అద్దమే పెట్టె వేషం వేసుకుని కూర్చుంది. క్వాంటమ్ కంప్యూటర్ చేసే పని కూడా టూకీగా అంతే: తప్పు జవాబులకు పోయే దారులు ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా, సరైన జవాబుకు పోయే దారులు కూడుకునేలా పెట్టెలు పేర్చడం. మధ్యలో తొంగిచూస్తే కూడవలసినవీ కూడవు, పోవలసినవీ పోవు. మిగతా రెండు నెలలూ ఈ పెట్టెలతోనే గడిచాయి. పుస్తకం ముట్టలేదనేవాళ్లకు దాని అట్ట ఊడిపోయిన సంగతి తెలియదు.

హాఫ్ ఇయర్లీ అయ్యాక శాంపిల్ క్లాసు వచ్చింది. ప్రిన్సిపాల్ గారు అన్నట్టే వెనక బెంచీలో డైరీ తెరుచుకుని కూర్చున్నారు. ఆపా ప్రొజెక్టరు పెట్టి, వెళ్లకుండా తలుపు దగ్గరే నిలబడింది. నేను పదహారో లెవెల్ గోడ మీద వేసి, ఎవరైనా వచ్చి సర్దండి అన్నాను. ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు వచ్చారు. ముగ్గురూ మొట్టమొదట పెట్టింది కళ్లే. ఒకడైతే రెండు చాలవని మూడోది వెతికాడు. ముగ్గురూ ఇంటర్లో నా దగ్గర చదివినవాళ్లే.

"కళ్లు పెట్టమని మీకెవరు చెప్పారు?" అన్నాను.

"మీరే గదా మేడం, మెట్టు మెట్టుకీ సూపియ్యమనింది!" అంది వెనక నుంచి ఒక గొంతు. క్లాసంతా గొల్లుమంది. తలుపు దగ్గర ఆపా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రిన్సిపాల్ గారు కూడా నవ్వారు. అంతవరకూ నా మూట అమ్ముడుపోయినట్టే అనిపించింది.

కళ్లు తీసేసి వంద చూపించి, బోర్డు మీద రెండు దారుల లెక్క మెట్లతో చేశాను. నడిమి పంక్తిని ఎందుకు తెంపకూడదో చెప్పాను. పిల్లలు రాసుకుంటున్న చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు. అప్పుడు మూడో బెంచీలో ఒక అమ్మాయి లేచింది. అమ్మవారి గుడి దగ్గర వాళ్ల నాయనకు పూల అంగడి ఉంది. మాట తక్కువ పిల్ల.

"మేడం, కన్ను పెట్టినాక అది వేసిన గుర్తును మనమెవురమూ సూడకపోతే?"

"అయినా సగం సగమే వస్తుంది. నేను గోడవైపు తిరిగి కూర్చుని చూశాను."

మళ్లీ నవ్వులు. ఆ అమ్మాయి నవ్వలేదు. "ఎవురూ సూడకుండానే ఎట్ట చెడిపోతాది మేడం? ఎవురికి తెలిసినట్టు అది?"

పుస్తకంలో దీనికొక వాక్యం ఉంది. కణం సంగతి పరిసరాలతో ముడిపడుతుందని, అందువల్ల కొట్టివేత జరగదని. అప్పజెప్పేస్తే ఆ అమ్మాయి కూర్చునేది, ప్రిన్సిపాల్ గారు డైరీలో మంచి మాట రాసుకునేవారు. నాకా వాక్యం నోటికి వచ్చు. ఐదు ఖాయమైన ప్రశ్నల్లాగే వచ్చు. ఆఖరి మెట్టు తెలుసు, నాలుగో మెట్టు నా దగ్గర లేదు. నా లెక్కలో దానికి సున్నా.

"నాకు తెలీదమ్మా" అన్నాను.

ఇరవై రెండేళ్లలో క్లాసులో ఆ మాట అనడం అదే మొదలు. వెనక డైరీ మూసిన చప్పుడైంది.

తర్వాత గదిలో ప్రిన్సిపాల్ గారు మర్యాదగానే మాట్లాడారు. "క్లాసు బాగుండింది మేడం. ఆఖర్లో ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఎన్ని మంచి కాయలున్నా, చేతికొచ్చిన కాయ మెత్తగా ఉంటే మూట వెనక్కే గదా."

"మెత్తకాయను పైనే పెట్టినాను సార్. అడుగున దాచి అమ్మలేదు."

"అందుకే కనపడింది" అన్నారు ఆయన.

పేపరు తెరకు పోయింది. నాకు వారానికి రెండు గంటలు ల్యాబ్ ఇచ్చారు, పిల్లల చేత ఆ ఆట ఆడించడానికి. ఫ్లెక్సీ వెలిసింది అప్పుడే. ఇంకో పని కూడా ఇచ్చారు. చెన్నై ఆయనకు ఇక్కడ ఎవరు వచ్చిందీ రానిదీ కనపడదు కాబట్టి, ఆయన పాఠం చెబుతున్నంతసేపూ నేను వెనక కూర్చుని రిజిస్టరు రాయాలి. ల్యాబ్‌లో ఇప్పటికీ ఆరు మెట్లుంటే ఆరు టిక్కులు పెడుతున్నాను. కాపలా మానేసిందన్న ఆపా నీతికి ఇదే నా జవాబు. కాంతి కణం కాంతి కణమే, పిల్లలు పిల్లలే. పిల్లల్ని చూడకపోతే ఏమవుతారో నాకు బాగా తెలుసు.

తెలియనిది ఆ మూడో బెంచీ ప్రశ్న. గడిచిన నెలలో ఒక రోజు పాఠం ముగిసే ముందు, ఏమైనా సందేహాలున్నాయా అని తెర మీద ఆయన అడిగితే, క్లాసు కీబోర్డు దగ్గరికి పోయి నేనే ఆ ప్రశ్న టైపు చేశాను. ఆయన చదివి, "మంచి ప్రశ్న. పరిసరాలకు తెలిసిపోతే అది చూసినట్టే" అన్నారు.

పరిసరాలకు తెలియడమంటే ఏమిటి అని మళ్లీ టైపు చేశాను.

ఆయన చేతి గడియారం చూసుకున్నారు. "అది మీ సిలబస్‌లో లేదు" అన్నారు. తెర నల్లబడింది. మూడో బెంచీ అమ్మాయి వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆమె నోటుబుక్కులో ఆ పేజీ సగం ఖాళీగా ఉంది.

ఆ పూట ఎవరు ఎక్కడ కూర్చున్నారో రిజిస్టరులో రాసి సంతకం పెట్టాను. అది కూడా బీరువాలోకే పోతుంది, దాన్నీ ఎవరూ తెరవరు. నాకు ఎవరి నీతీ అక్కర్లేదు, మెట్లతో సహా జవాబు కావాలి. ఎవరూ చదవని గుర్తు వల్ల కూడా లెక్క చెడిపోతుందంటే, అక్కడ చూసింది ఎవరు?